మెర్జ్ రిక్వెస్ట్ పెడితే చూసే నాథుడు లేడు: ప్యాకేజింగ్‌లో ఉమ్మడి పని కుదిరేదేనా?

తడిసిన_కీబోర్డు
లినక్స్ పంపిణీ అయిన డెబియన్‌లో నేను రోజూ వాడే ఒక చిన్న లైబ్రరీ ప్యాకేజీలో బగ్ కనిపిస్తే, దాన్ని సరిచేసి, డెబియన్ వారి గిట్ రిపోలుండే సాల్సా సైటులో మెర్జ్ రిక్వెస్ట్ (నా మార్పును కలుపుకోమనే విన్నపం) పెట్టాను. సీఐ (తనంతట తానే నడిచే పరీక్షలు) మొత్తం పచ్చగా వచ్చింది, ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్ కూడా పల్లెత్తు మాట అనలేదు. నెలలు గడిచినా అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మొన్న ఆర్కైవ్‌లోకి, అంటే వాడుకరులకు ప్యాకేజీలు అందే చోటికి, అదే ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చింది. విప్పి చూస్తే, ఆ ప్యాకేజీని చూసుకునే మెయింటైనర్ గారు అదే బగ్‌ను మరో విధంగా సరిచేసి తన కంప్యూటర్ నుంచి నేరుగా అప్‌లోడ్ చేశారని తెలిసింది. ఆ మార్పు గిట్ రిపోలో, అంటే కోడు మార్పుల చరిత్ర ఉండే చోట, లేనే లేదు. ట్రాకర్ పేజీలో రిపో వివరాల దగ్గర ఇప్పుడు 'ఓల్డ్' అని కనిపిస్తోంది, అంటే ఆర్కైవ్ ముందుకు పోయింది, రిపో వెనకబడింది. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో వీసీఎస్-గిట్ వరుసలో రాసి ఉన్నది ఆ రిపో చిరునామాయే, దాన్ని నమ్మే నేను పని చేశాను. ఎవరి మీదా కోపం లేదు. అడగదలచుకున్నది ఒక్కటే: జీతం లేకుండా నడిచే ఈ పనిలో అందరూ ఒకరికొకరు కనిపించే విధంగా, గిట్‌లో, రివ్యూతో పని చేసేలా ప్రోత్సహించడం సాధ్యమేనా, లేక ఎప్పటికీ ఎవరి కుంపటి వారిదేనా?

చిక్కుముడి
సీఐ పచ్చగా రావడానికీ, మెయింటైనర్ గారు ఇన్‌బాక్స్ తెరవడానికీ మధ్య సంబంధం ఉందని మీకు ఎవరు చెప్పారో గానీ, ముందు వారిని పట్టుకోవాలి.

రాత్రిబిల్డు
చిక్కుముడి గారి హాస్యంలో కొంత నిజం ఉంది. సాల్సా నడిచేది గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ మీద. అందులో నోటిఫికేషన్ల స్థాయిని మనం మార్చుకోకపోతే, మనం ఇదివరకే పాల్గొన్న చర్చలకు సంబంధించిన మెయిళ్లు మాత్రమే వస్తాయి. కొత్తగా ఎవరో మెర్జ్ రిక్వెస్ట్ తెరిచిన సంగతి చాలామంది మెయింటైనర్లకు నిజంగానే తెలియదు. బగ్ ట్రాకర్‌కు పంపిన నివేదిక అలా కాదు, కంట్రోల్ ఫైలులో ఉన్న మెయింటైనర్ చిరునామాకు నేరుగా చేరుతుంది. కాబట్టి మీ మెయింటైనర్ మిమ్మల్ని పట్టించుకోలేదని అనుకునే ముందు, అసలు ఆయనకు మీ సంగతి తెలిసిందా లేదా అన్నది చూడాలి.

పాతకాపు
తడిసిన_కీబోర్డు గారి అసంతృప్తి అర్థం చేసుకోదగినదే. అయితే 'ప్రోత్సహించడం' అన్న మాట చాలా సందర్భాల్లో 'నిర్బంధించడం' వైపు జారిపోవడం చూస్తూ వస్తున్నాను గనుక, రెండో పక్షం వాదన కూడా ఇక్కడ ఉంచుతున్నాను. 1998లో ఆమోదం పొందిన డెబియన్ రాజ్యాంగం రెండు విషయాలు స్పష్టంగా చెబుతుంది. ఒకటి, ఎవరి చేతా బలవంతంగా పని చేయించే అధికారం ఎవరికీ లేదు. రెండు, తన సొంత పనికి సంబంధించిన సాంకేతిక నిర్ణయం ఆ డెవలపర్‌దే. దాన్ని కాదనాలంటే టెక్నికల్ కమిటీ 3:1 మెజారిటీతో, అంటే ఒక్కో వ్యతిరేక ఓటుకు మూడు అనుకూల ఓట్లతో, తీర్మానించాలి. ఈ ఏర్పాటు వల్లే తమకు నచ్చిన పద్ధతిలో దశాబ్దాలుగా వందల మంది పని చేయగలుగుతున్నారు.

బగ్ ట్రాకర్ అంతా మెయిల్ మీద నడుస్తుంది. నెట్ లేనప్పుడు కూడా జవాబు రాసి ఉంచుకోవచ్చు, బ్రౌజర్ అవసరమే లేదు. పైగా ఆ బగ్ నంబరు శాశ్వతం. సాల్సాకు ముందున్న అలియోథ్ 2018లో మూతపడినప్పుడు రిపోలన్నింటినీ సాల్సాకు తరలించుకోవలసి వచ్చింది, పాత లింకులు ఎన్నో తెగిపోయాయి. రేపు సాల్సా స్థానంలో మరొకటి వస్తే మెర్జ్ రిక్వెస్టుల కింద జరిగిన చర్చలన్నీ ఏమవుతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. 1990లలో తెరిచిన బగ్ నివేదికలో ఎవరు ఏం రాశారో నేను ఈ రోజుకూ చదువుకోగలుగుతున్నాను.

తడిసిన_కీబోర్డు
పాతకాపు గారూ, ఎవరినీ నిర్బంధించమని నేను అనలేదు. మెయిల్ మాత్రమే చూస్తానని ఆ మెయింటైనర్ ఎక్కడో ఒక్క వాక్యం రాసి ఉంటే నేను ప్యాచ్‌ను మెయిల్‌లోనే పంపేవాణ్ణి. సాల్సాలో రిపో పెట్టి, మెర్జ్ రిక్వెస్టులకు తలుపు తెరిచి ఉంచి, లోపల ఎవరూ లేకపోవడమే నా అభ్యంతరం. మెర్జ్ రిక్వెస్టులు అక్కర్లేదనుకుంటే రిపో సెట్టింగుల్లో ఆ సదుపాయాన్ని ఆపేయవచ్చు కదా.

రాత్రిబిల్డు
ఒక్క ప్యాకేజీ దగ్గర ఇది చిరాకు మాత్రమే. వందల ప్యాకేజీలను ఒకేసారి ముట్టుకోవలసి వస్తే అసలు నొప్పి తెలుస్తుంది. 2024లో ఐ386 మినహా 32 బిట్ ఆర్కిటెక్చర్లలో, సమయాన్ని దాచే టైమ్-టీ అనే రకం పరిమాణాన్ని 64 బిట్లకు పెంచిన సంగతి గుర్తుందా? 2038 సమస్యను (ఆ ఏడాది తర్వాతి సమయం 32 బిట్లలో పట్టకపోవడాన్ని) దాటడానికి వందలాది లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర 'టీ64' చేర్చి మళ్లీ అప్‌లోడ్ చేయవలసి వచ్చింది. అది చాలావరకు ఎన్‌ఎంయూల ద్వారా, అంటే మెయింటైనర్ కాని వారు చేసిన అప్‌లోడ్ల ద్వారా నడిచింది. అన్ని రిపోల్లోకి వెళ్లి ఒక్కో దాని పద్ధతి తెలుసుకుని కమిట్ చేయడం మానవమాత్రులకు అయ్యే పని కాదు కాబట్టి, సోర్స్ ప్యాకేజీని దించి, మార్చి, ఎక్కించి, తేడా ఫైలును బగ్‌కు జత చేశారు. ఆ తర్వాత ఎవరి రిపోలోకి వారు ఆ తేడాను తెచ్చుకోవాలి. తెచ్చుకోని వారి రిపోలు వెనకబడ్డాయి.

పద్ధతులు ఎన్ని రకాలో కొత్తవారి కోసం చెబుతాను. కొందరి రిపోలో పూర్తి సోర్సు ఉంటుంది, ప్యాచ్‌లు మాత్రం డెబియన్/ప్యాచెస్ డైరెక్టరీలో విడిగా ఉంటాయి. కొందరు డీగిట్, గిట్-డెబ్‌రీబేస్ అనే పనిముట్లు వాడుతూ ప్యాచ్‌లన్నీ వర్తింపజేసిన స్థితిలోనే కమిట్లు ఉంచుతారు. కొందరు డెబియన్ డైరెక్టరీని మాత్రమే గిట్‌లో పెడతారు. అసలు గిట్ వద్దనేవారు ఇంకొందరు. ప్రధాన బ్రాంచ్ పేరు కూడా ఒకరికి మాస్టర్, ఒకరికి డెబియన్/సిడ్, ఒకరికి డెబియన్/అన్‌స్టేబుల్. పేర్లకైనా ఒక ఒరవడి ఉండాలనే డీఈపీ-14 (డెబియన్ మెరుగుదల ప్రతిపాదనల్లో ఒకటి) పుట్టింది: డెబియన్/లేటెస్ట్, అప్‌స్ట్రీమ్/లేటెస్ట్ అని. అప్‌స్ట్రీమ్ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను అసలు రాసే ప్రాజెక్టు. అది సిఫారసే గానీ శాసనం కాదు.

చిక్కుముడి
బ్రాంచ్ పేరు 'పాతది-ముట్టుకోవద్దు' అని ఉన్న రిపోలో నుంచే అప్‌లోడ్లు జరుగుతుండగా కళ్లారా చూశాను. అది ఏ డీఈపీ కిందికి వస్తుందో పెద్దలు సెలవివ్వాలి.

ఆర్‌పీఎం_పక్షం
ఇక్కడ ఒక మౌలికమైన తేడా మరుగున పడుతోంది. డెబియన్ ఆర్కైవ్‌కు గిట్‌తో నిమిత్తం లేదు. సంతకం చేసిన సోర్స్ ప్యాకేజీ వస్తే చాలు, తీసుకుంటుంది. ఆర్‌పీఎం ప్యాకేజీలు వాడే ఫెడోరా పంపిణీలో అధికారిక బిల్డు కావాలంటే ముందు డిస్ట్-గిట్ అనే ప్యాకేజీ రిపోలో కమిట్ ఉండాలి, బిల్డు సేవ అయిన కోజీ ఆ కమిట్‌ను తీసుకునే బిల్డు చేస్తుంది. అందువల్ల రిపో వెనకబడడం అనే పరిస్థితి పుట్టేందుకే ఆస్కారం లేదు. దీనికి ఎవరి మంచితనమూ అవసరం లేదు, ఏర్పాటే అలాంటిది. ప్రోవెన్‌ప్యాకేజర్ అనే గుంపులో ఉన్నవారు దాదాపు ఏ ప్యాకేజీలోనైనా మార్పు చేయగలరు, ఎక్కడికి వెళ్లినా అదే డైరెక్టరీ అమరిక, ప్యాకేజీని ఎలా తయారుచేయాలో చెప్పే అదే స్పెక్ ఫైలు కనిపిస్తాయి. ఆర్చ్ లినక్స్ కూడా 2023లో అధికారిక ప్యాకేజీలను సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మార్చింది, ఒక్కో ప్యాకేజీకి ఒక్కో రిపో వచ్చింది.

కాబట్టి నా ఉద్దేశంలో హితబోధ కన్నా ఏర్పాటు మార్చడం మేలు.

హిమరేణువు
నిక్స్ ప్యాకేజీల సంకలనమైన నిక్స్‌ప్యాకేజెస్ వైపు నుంచి ఒక మాట. మా దగ్గర లక్షకు పైబడిన ప్యాకేజీలన్నీ ఒకే గిట్ రిపోలో ఉన్నాయి. అందరూ పుల్ రిక్వెస్టుల (మెర్జ్ రిక్వెస్టులకే మరో పేరు) ద్వారానే పని చేస్తారు, వెర్షన్లు పెంచే బాట్ తనంతట తానే రిక్వెస్టులు తెరుస్తుంది. మీరు కలలు కంటున్న ఏకరూపత అంతా మా దగ్గర ఉంది. అయినా ఏ రోజు చూసినా వేల సంఖ్యలో పుల్ రిక్వెస్టులు తెరిచే ఉంటాయి. ఒకే పద్ధతి ఉంటే రాసేవారి సంఖ్య పెరుగుతుంది, చదివేవారి సంఖ్య దానంతట అది పెరగదు. తడిసిన_కీబోర్డు గారి అసలు ఇబ్బంది బ్రాంచ్ పేర్లతో కాదు, చదివే మనిషి లేకపోవడంతో. ఆ ఇబ్బంది మాకూ ఉంది.

పాతకాపు
హిమరేణువు గారు నా మనసులో మాట చెప్పారు.

హిమరేణువు
పూర్తిగా కాదండీ పాతకాపు గారూ. మా దగ్గర జవాబు రాకపోయినా, ఆ పని జరుగుతోందన్న సంగతి ప్రపంచానికి తెలుస్తుంది. అదే ప్యాకేజీ కావలసిన ఇంకో మనిషి వచ్చి, బిల్డు చేసి చూసి, ఫలితం అక్కడే రాస్తాడు. మెయింటైనర్ కాకపోయినా రివ్యూ చేయవచ్చు. మార్పు ఒకరి కంప్యూటర్‌లోనే ఉండిపోతే ఆ అవకాశం కూడా ఉండదు.

ముత్యం
డెబియన్‌లోనే ఉమ్మడి పని ఇరవై ఏళ్లుగా సాఫీగా నడుస్తున్న చోట్లు ఉన్నాయని ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. పెర్ల్ జట్టు చేతిలో మూడు వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. మెయింటైనర్ వరుసలో జట్టు పేరు ఉంటుంది, మనుషుల పేర్లు అప్‌లోడర్స్ వరుసలో ఉంటాయి. ఏ సభ్యుడైనా ఏ ప్యాకేజీనైనా సరిచేసి అప్‌లోడ్ చేయవచ్చు, అనుమతి అడగనక్కర్లేదు. అన్ని రిపోల అమరికా ఒక్కటే కాబట్టి వందల రిపోల్లో ఒకేసారి మార్పు చేసే స్క్రిప్టులు కూడా మా వారు రాసుకున్నారు. పైథాన్ జట్టులో ఇదివరకు ఇంకా సున్నితమైన ఏర్పాటు ఉండేది. మెయింటైనర్ వరుసలో జట్టు పేరు ఉంటే ఎవరైనా చేయి పెట్టగలిగేవారు. జట్టు పేరు అప్‌లోడర్స్‌లోనూ, మనిషి పేరు మెయింటైనర్‌లోనూ ఉంటే, అప్‌లోడ్‌కు ముందు ఆ మనిషిని అడగవలసి ఉండేది. ఒక్క ఫీల్డు స్థానం మార్చడంతోనే తన పరిధి ఎంతో మెయింటైనర్ చెప్పుకోగలిగేవాడు.

పద్ధతి విషయంలో అందరూ పెద్ద పెద్ద సూత్రాలు మాట్లాడతారు గానీ, రోజువారీ పనిలో ఉమ్మడితనాన్ని దెబ్బతీసేవి చిన్న విషయాలే. మార్పుల చిట్టా అయిన ఛేంజ్‌లాగ్ ఫైలునే తీసుకోండి. ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు బ్రాంచ్‌ల్లో వేర్వేరు ఫైళ్లు మార్చారు. ఇద్దరూ మర్యాదగా డెబియన్/ఛేంజ్‌లాగ్ పై భాగంలో చెరొక వరుస చేర్చారు. మొదటిది మెర్జ్ కాగానే రెండోది ఘర్షణకు గురవుతుంది. అసలు కోడులో ఎలాంటి ఘర్షణా లేదు, లాగ్‌లోనే ఉంది. పాపం ఆ రెండో మనిషి రీబేస్ చేసి, అంటే తన మార్పును కొత్త స్థితి మీద మళ్లీ పేర్చి, మళ్లీ పంపాలి, అప్పటికి మూడో మనిషి ఇంకో వరుస చేర్చి ఉంటాడు. దీనికి విరుగుడు తేలికైనదే: మెర్జ్ రిక్వెస్టుల్లో ఎవరూ ఛేంజ్‌లాగ్‌ను ముట్టుకోకూడదు, కమిట్ సందేశం శ్రద్ధగా రాయాలి, రిలీజ్ చేసేవారు జీబీపీ (గిట్‌తో ప్యాకేజీలు చేసే పనిముట్టు) లోని డీసీహెచ్ ఆదేశం నడిపితే కమిట్ల నుంచి ఛేంజ్‌లాగ్ తయారవుతుంది. సందేశంలో 'క్లోజెస్' అని బగ్ నంబరు రాస్తే అదీ లాగ్‌లోకి వస్తుంది. ఇది జట్టులో నియమంగా పెట్టుకున్న తర్వాత మెర్జ్‌లు ఆగిపోవడం చాలావరకు తగ్గింది.

ఆర్‌పీఎం_పక్షం
ముత్యం గారు చెప్పిన చిక్కు మా వైపు కూడా ఉండేది. ఇప్పుడు స్పెక్ ఫైలులో ఆటోరిలీజ్, ఆటోఛేంజ్‌లాగ్ అని పెడితే ఆర్‌పీఎం-ఆటోస్పెక్ గిట్ చరిత్ర నుంచి రెండింటినీ లెక్కగట్టి నింపుతుంది. పుల్ రిక్వెస్టులు ఒకదానికొకటి అడ్డం పడడం చాలా తగ్గింది.

కొత్తచేరిక
నేను ఈ మధ్యే ప్యాకేజింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండు సందేహాలు ఉన్నాయి. ప్యాచ్‌ను బగ్‌కు జత చేయాలా, మెర్జ్ రిక్వెస్ట్ పెట్టాలా? అలాగే డెబియన్/ప్యాచెస్‌లో ఉన్న ప్యాచ్‌ను మారిస్తే, రివ్యూ పేజీలో తేడాకు తేడా కనిపిస్తోంది, ప్లస్‌ల పక్కన మైనస్‌లు, మైనస్‌ల పక్కన ప్లస్‌లు వస్తున్నాయి. దాన్ని చదవడానికి ఏదైనా కిటుకు ఉందా?

చిక్కుముడి
రెండో ప్రశ్నకు జవాబు: ఉంది, మరొకరి చేత చదివించడమే.

ముత్యం
కొత్తచేరిక గారూ, మొదటిదానికి: రెండూ చేయండి. బగ్ తెరిచి సమస్య ఏమిటో, దాన్ని ఎలా పునరావృతం చేయాలో రాయండి. మెర్జ్ రిక్వెస్ట్ పెట్టి, దాని లింకును బగ్‌లోనూ, బగ్ నంబరును మెర్జ్ రిక్వెస్టులోనూ ఇవ్వండి. అప్పుడు పాతకాపు గారి లాంటివారికి మెయిల్ చేరుతుంది, రాత్రిబిల్డు గారి లాంటివారికి సీఐ ఫలితం కనిపిస్తుంది.

రెండోదానికి: రిపోను దించుకుని జీబీపీ పీక్యూ ఇంపోర్ట్ నడిపితే ప్యాచ్‌లన్నీ ఒక తాత్కాలిక బ్రాంచ్‌లో కమిట్లుగా మారతాయి. అక్కడ మామూలు కోడు చదివినట్టే చదువుకోవచ్చు. మీరు పంపేటప్పుడు ప్యాచ్ తల భాగంలో డీఈపీ-3 వివరాలు తప్పక నింపండి: ఇది ఏం చేస్తుంది, ఎవరు రాశారు, అప్‌స్ట్రీమ్‌కు పంపారా లేదా, చివరిసారి ఎప్పుడు మార్చారు. 'ఫార్వర్డెడ్' వరుస ఖాళీగా ఉన్న ప్యాచ్ అయిదేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు, తీసేయడానికీ ఎవరికీ ధైర్యం చాలదు.

మూడోకన్ను
ఇంతవరకు సౌకర్యం గురించే మాట్లాడుకున్నాం. నేను భద్రత వైపు నుంచి చూస్తాను. 2006లో డెబియన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో చేరిన ఒక ప్యాచ్ యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌లోకి విత్తనాన్ని చేర్చే వరుసను తీసేసింది. మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రైండ్ ఇచ్చే హెచ్చరికలను ఆపడం ఆ ప్యాచ్ ఉద్దేశం. ఫలితంగా యాదృచ్ఛికతకు ప్రాసెస్ ఐడీ తప్ప ఆధారం మిగల్లేదు, ఒక్కో రకం ఆర్కిటెక్చర్‌కూ, కీ పరిమాణానికీ 32,768 కీలు మాత్రమే పుట్టే పరిస్థితి వచ్చింది. 2008 మే నెలలో బయటపడేదాకా దాదాపు రెండేళ్లపాటు ఆ కీలతో ప్రపంచం నడిచింది. పంపిణీ సంస్థ తనంతట తాను చేర్చే ప్యాచ్‌ను ఇంకో జత కళ్లు చూడాలని నేను అడిగేది ఇందుకే.

పాతకాపు
ఆ కథను సగమే చెప్పడం అలవాటైపోయింది కాబట్టి మిగతా సగం నేను చెబుతాను. ఆ మెయింటైనర్ ఆ మార్పు గురించి ముందుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలపర్ల మెయిలింగ్ లిస్టులో అడిగారు. అక్కడ ఎవరూ గట్టిగా వద్దనలేదు, డీబగ్గింగ్‌కు పనికొస్తుందనుకుంటే తీసేయవచ్చన్న ధోరణిలో జవాబు వచ్చింది. అంటే ఇంకో జత కళ్లు ఉన్నాయి, కానీ అవి పూర్తి ప్యాచ్‌ను, అది వెళ్లబోయే చోటును చూడలేదు. ఆమోదం తెలిపే బొత్తాం ఉన్నంత మాత్రాన రివ్యూ జరిగినట్టు కాదు. తేడా చదవకుండా 'బాగుంది' అని రాసే సంస్కృతిని పెంచితే, బాధ్యత ఇద్దరి మధ్యా పడి ఎవరిదీ కాకుండా పోతుంది.

మూడోకన్ను
ఆ వివరం సరైనదే, ఒప్పుకుంటాను. కానీ దాని నుంచి నాకు తోచేది వేరు. ఆ ప్రశ్న ఒక చోట, ప్యాచ్ ఒక చోట, అప్‌లోడ్ మరో చోట ఉన్నాయి. జవాబిచ్చినవారి కళ్ల ముందు అసలు తేడా లేదు. తేడా, దాని చుట్టూ ఉన్న ఫైలు, పరీక్షల ఫలితం, చర్చ ఒకే పేజీలో ఉంటే పొరబాటు పట్టుబడి ఉండేదని నేను హామీ ఇవ్వను, పట్టుబడే అవకాశం మాత్రం పెరిగేది.

ఇక 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) వ్యవహారం. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దూర్చారు. దాన్ని మేల్కొలిపే ఎం4 అనే బిల్డు ఫైలు అప్‌స్ట్రీమ్ గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో, అంటే సోర్సు మూటలో, మాత్రమే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఒక డెవలపర్ తవ్వి చూడబట్టి బయటపడింది గానీ, లేకుంటే స్థిర విడుదలల దాకా వెళ్లేది. అప్‌స్ట్రీమ్ గిట్ ట్యాగును, టార్‌బాల్‌ను పక్కపక్కన పెట్టి పోల్చే ఏర్పాటు ప్యాకేజీ రిపోలోనే ఉంటే ఇలాంటి తేడా మొదట కనిపించేది అక్కడే. ఒంటరి మెయింటైనర్ మీద ఒత్తిడి తెచ్చి నెమ్మదిగా చోటు సంపాదించడం అన్నది ఆ దాడిలో సగభాగం అని కూడా మరువకూడదు.

పాతకాపు
అక్కడ చోటు సంపాదించిన వ్యక్తి 'సహాయం చేస్తాను, నన్నూ చేర్చుకోండి' అంటూ ప్యాచ్‌లతో వచ్చినవాడే కదా. ఉమ్మడి పనికి తలుపులు బార్లా తెరవమనేవారు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూడోకన్ను
తీసుకోవాలి, కాదనను. అయితే ఒకరు అలసిపోయి తాళంచెవి మరొకరికి ఇచ్చేయడం ఉమ్మడి పని కాదు, అది ఏక వ్యక్తి ఏలుబడి చేతులు మారడం. అయిదుగురు చూస్తూ ఉండే రిపోలో ఆ ఎత్తుగడ అంత తేలికగా పారదు.

సంతకందారు
మీ చర్చలో ఒక మెట్టు తప్పిపోయింది. డెబియన్‌లో మెర్జ్ అయితే పని పూర్తయినట్టు కాదు. అప్‌లోడ్ చేసే హక్కు ఉన్న ఎవరో ఒకరు తన జీపీజీ కీతో సంతకం పెట్టి పంపాలి. కొత్తవారి మార్పు మెర్జ్ అయి, రిలీజ్ కాకుండా డెబియన్/లేటెస్ట్‌లో ఏడాదిపాటు పడి ఉన్న సందర్భాలు నాకు తెలుసు. మెర్జ్ చేసినవారు అప్‌లోడ్ ఎవరు చేస్తారో కూడా అక్కడే రాస్తే బాగుంటుంది. ట్యాగ్‌టుఅప్‌లోడ్ అనే సేవ వచ్చాక, సంతకం చేసిన గిట్ ట్యాగును పుష్ చేస్తే సోర్స్ ప్యాకేజీని ఆ సేవే తయారుచేసి ఆర్కైవ్‌కు పంపుతోంది. దాన్ని వాడేవారి విషయంలో ఆర్‌పీఎం_పక్షం గారు చెప్పిన గుణం మనకూ కొంత వచ్చినట్టే, అంటే గిట్‌లో లేనిది ఆర్కైవ్‌లోకి పోదు.

ఏకాకి
నా ప్యాకేజీలన్నింటికీ నేనొక్కణ్ణే దిక్కు. రివ్యూ కావాలని ఎంత ఉన్నా చేసేవారు లేరు. ఈ మధ్య నా మార్పులకు నేనే మెర్జ్ రిక్వెస్ట్ తెరిచి, సాల్సా సీఐ పూర్తయ్యాక, కొన్ని రోజులు ఆగి, ఎవరూ ఏమీ అనకపోతే నేనే మెర్జ్ చేస్తున్నాను. దీన్ని చూసి నవ్వేవారు ఉన్నారు. కానీ ఆటోప్యాకేజ్‌టెస్ట్, పియూపార్ట్స్, రీప్రోటెస్ట్ అనే మూడు పరీక్షలూ అప్‌లోడ్‌కు ముందే నడవడం వల్ల, ఆర్కైవ్‌కు పంపాక తల పట్టుకోవడం తగ్గింది. డెబియన్/సాల్సా-సీఐ ఫైలులో ఉమ్మడి పైప్‌లైన్‌ను కలుపుకునే రెండు మూడు వరుసలు రాస్తే సరిపోతుంది.

చిక్కుముడి
తనకు తానే ఉత్తరం రాసుకుని, వారం తర్వాత జవాబు రాలేదని తనే వెళ్లి కలుసుకోవడం అన్నమాట.

ఏకాకి
నవ్వండి, పరవాలేదు. ఆ వారంలో ఒకసారి ఒక అపరిచితుడు వచ్చి, 'కంట్రోల్ ఫైలులో ఈ డిపెండెన్సీ ఇప్పుడు అక్కర్లేదు' అని రాసి వెళ్లాడు. ఆయన ఇప్పటికీ ఎవరో తెలియదు. నేరుగా అప్‌లోడ్ చేసి ఉంటే ఆ మాట చెప్పడానికి ఆయనకు చోటే ఉండేది కాదు.

పాతకాపు
ఏకాకి గారి పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. మీరు గడువు పెట్టుకున్నారు. రివ్యూ తప్పనిసరి అని, గడువు మాత్రం లేదని అంటే పని అక్కడే ఆగిపోతుంది.

కొత్తచేరిక
మెయింటైనర్ అసలు స్పందించకపోతే ప్యాకేజీని మరొకరు తీసుకునే వీలు ఉందని విన్నాను. తడిసిన_కీబోర్డు గారు ఆ దారి పట్టవచ్చా?

రాత్రిబిల్డు
ఆ సందర్భానికి అది వర్తించదు. ప్యాకేజీ నిర్లక్ష్యానికి గురైందని స్పష్టంగా కనిపించాలి, అంటే జవాబు లేని బగ్‌లు, అప్‌స్ట్రీమ్ కొత్త వెర్షన్లు ప్యాకేజీ కాకపోవడం, చాలాకాలంగా అప్‌లోడ్ లేకపోవడం లాంటివి. అప్పుడు ఆ ప్యాకేజీని తీసుకుని నిలబెడతానని (సాల్వేజ్ చేస్తానని) ఐటీఎస్ బగ్ తెరిచి 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతే, కనీసం 7 రోజుల ఆలస్యంతో డిలేడ్ క్యూలోకి అప్‌లోడ్ చేయాలి. ఇక్కడ మెయింటైనర్ మొన్ననే అప్‌లోడ్ చేశారు, అంటే ఆయన ఉన్నారు.

మామూలు ఎన్‌ఎంయూకు కూడా గడువులు రాసి ఉన్నాయి. విడుదలకు అడ్డమయ్యే బగ్ గానీ, 'ఇంపార్టెంట్' స్థాయి బగ్ గానీ కాకపోతే డిలేడ్/10, అంటే పది రోజుల ఆలస్యం, మర్యాద. పది రోజుల్లో మెయింటైనర్ దాన్ని ఆపవచ్చు, తానే మెరుగైన మార్పు పెట్టవచ్చు. తమ ప్యాకేజీల మీద ఎన్‌ఎంయూ చేస్తే అభ్యంతరం లేదని చెప్పదలచినవారు వికీలోని లో-థ్రెషోల్డ్-ఎన్‌ఎంయూ జాబితాలో పేరు చేర్చుకోవచ్చు. మనుషుల ఇష్టాన్ని ముందే తెలియజేసే ఈ ఏర్పాటు చాలాకాలంగా ఉంది.

తడిసిన_కీబోర్డు
ముత్యం, రాత్రిబిల్డు గార్ల సలహా మీద బగ్ తెరిచి, ఆర్కైవ్‌లో ఉండి రిపోలో లేని వెర్షన్‌ను జీబీపీ ఇంపోర్ట్-డీఎస్‌సీతో తెచ్చి ఒక బ్రాంచ్‌లో ఉంచి, లింకు మెయిల్‌లో పంపాను. మర్నాడే జవాబు వచ్చింది. సాల్సా నోటిఫికేషన్లు ఆయనకు రావడం లేదట. బ్రాంచ్‌ను తీసుకున్నారు. కానీ నా మిగతా మార్పుల్లో సగం వద్దన్నారు, కారణాలు రాశారు, వాటిలో ఒకటి నాకు ఇంకా నచ్చలేదు. అది అక్కడే వాదించుకుంటాను.

నా ప్రశ్న ఇప్పుడు కొంచెం మారింది. మేము నలుగురం కలిసి చూసే కొన్ని ప్యాకేజీలు ఉన్నాయి. బయటివారికి మా పద్ధతి తెలిసేలా డెబియన్/రీడ్‌మీ.సోర్స్‌లో ఏం రాయాలి?

ముత్యం
చిన్నదిగా ఉంచండి, పొడవైతే ఎవరూ చదవరు. నేనైతే ఇలా రాస్తాను:

"ఈ ప్యాకేజీని జట్టుగా చూస్తున్నాం. బ్రాంచ్‌లు డీఈపీ-14 ప్రకారం ఉన్నాయి, ప్యాచ్‌లు జీబీపీ పీక్యూతో నడుస్తాయి. మార్పులను మెర్జ్ రిక్వెస్టుగా గానీ, బగ్‌కు జత చేసిన ప్యాచ్‌గా గానీ పంపవచ్చు, రెండింటినీ సమానంగా చూస్తాం. ఛేంజ్‌లాగ్‌ను మార్చవద్దు. డెబియన్/లేటెస్ట్ చరిత్రను తిరగరాయవద్దు. సభ్యుల మార్పులను మరో సభ్యుడు చదవాలి. ఏడు రోజుల్లో ఎవరూ చదవకపోతే, సీఐ పచ్చగా ఉన్న పక్షంలో, రాసినవారే మెర్జ్ చేయవచ్చు. మెర్జ్ చేసినవారే అప్‌లోడ్ చేయాలి లేదా చేసేవారి పేరు రాయాలి."

మూడోకన్ను
ఏడు రోజుల వాక్యానికి ఒక మినహాయింపు చేర్చండి. అప్‌స్ట్రీమ్ టార్‌బాల్ మారినప్పుడు, మెయింటైనర్ స్క్రిప్టులు మారినప్పుడు రెండో మనిషి చదవనిదే మెర్జ్ కాకూడదు. ఇన్‌స్టాల్ సమయంలో రూట్ అధికారంతో నడిచేవి ఆ స్క్రిప్టులే.

పాతకాపు
స్క్రిప్టుల వరకు సరే. ప్రతి కొత్త అప్‌స్ట్రీమ్ వెర్షన్‌కూ అలా పెడితే సెలవుల్లో ఒక్క అప్‌డేట్ కూడా కదలదు. భద్రతా సవరణ కూడా కొత్త వెర్షన్‌గానే వస్తుంది. దాన్ని మూడు వారాలు ఆపుతారా?

మూడోకన్ను
అయితే టార్‌బాల్‌కూ అప్‌స్ట్రీమ్ ట్యాగుకూ మధ్య తేడా ఉన్నప్పుడు మాత్రమే ఆ మినహాయింపు వర్తిస్తుందని రాయండి. తేడా ఉందో లేదో సీఐలోనే తేల్చవచ్చు.

పాతకాపు
ఆటోటూల్స్ అనే బిల్డు పనిముట్లు వాడే ప్రాజెక్టుల టార్‌బాల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు లాంటి పుట్టించిన ఫైళ్లు ఉంటాయి, తేడా ఎప్పుడూ ఉంటుంది. గిట్ ట్యాగు నుంచే సోర్సు తీసుకోగలిగిన ప్యాకేజీలకు ఈ బెడద లేదు.

తడిసిన_కీబోర్డు
మా వాటిలో ఒకటి తప్ప మిగతావన్నీ ట్యాగు నుంచే తీసుకుంటాం. ఆ ఒక్కదానికి రెండో మనిషి తప్పనిసరి అని రాస్తాను, మిగతావాటికి ఏడు రోజుల నియమం. మెయింటైనర్ స్క్రిప్టుల మినహాయింపు అన్నింటికీ పెడుతున్నాను. నోటిఫికేషన్ల స్థాయిని 'వాచ్'కు మార్చుకోమని మిగతా ముగ్గురికీ ఇప్పుడే మెయిల్ పెట్టాను.

సంతకందారు
డెబియన్ మెయింటైనర్ హోదా (ఎంచిన ప్యాకేజీలకే అప్‌లోడ్ హక్కు పొందగల హోదా) ఉన్నవారు మీ నలుగురిలో ఉంటే, ఆయా ప్యాకేజీల వరకు వారికి అప్‌లోడ్ అనుమతి ఇప్పించుకోండి. లేకపోతే ఆ చివరి వాక్యంలో రాసే పేరు ఎప్పుడూ ఒక్కరిదే అవుతుంది.